ర్యాంక్ చూసి ఫోన్ మూసేయకండి

మ్యాచ్ అయిపోయింది. రోబోని బాగుచేసుకునే పిట్‌కి తిరిగొచ్చేలోపే ఫోన్ బయటికొచ్చింది. వేలు నేరుగా ర్యాంకింగ్స్ మీదికి పోయింది. 27. మొహం వాడిపోయింది. ఇంతలో ఇంటి నుంచి మెసేజ్: "ర్యాంక్ ఎంత నాన్నా?"

ఇక్కడ ఆగండి. ఆ 27 మీకు ఏం నేర్పింది? ఏమీ నేర్పలేదు. తర్వాతి మ్యాచ్‌లో ఏం మార్చాలో చెప్పిందా? చెప్పలేదు. మూడ్ మాత్రం పాడు చేసింది.

అదే ఫోన్‌లో, ఇంకో రెండు ట్యాబ్‌ల అవతల, మీ రోబో ఎక్కడ పాయింట్లు పోగొట్టుకుందో వరసవరసగా రాసి ఉంది. మ్యాచ్ వీడియో ఉంది. ప్రత్యర్థుల లెక్కలూ ఉన్నాయి. అన్నీ ఉచితమే. వాటిని చదవడం ఒక అలవాటు, ఆ అలవాటు ఎవరికైనా పట్టుబడుతుంది. మీకూ పట్టుబడుతుంది.

ఈ ర్యాంక్ మీ ఒక్కరిది కాదు

మనం మాట్లాడుకుంటున్నది ఎఫ్ఆర్‌సీ గురించి. పూర్తి పేరు ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్. 1992లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో, ఒక హైస్కూల్ జిమ్‌లో 28 టీమ్‌లతో మొదలైంది. ఇవాళ ప్రపంచమంతా కలిపి వేల టీమ్‌లు. టెక్సస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా, మిషిగన్... మన తెలుగిళ్ల పిల్లలు ఎందరో వీటిలో ఉన్నారు. మన దేశం నుంచి ముంబయి టీమ్ 6024 కూడా ఈ బరిలో దిగింది.

ఆట ఎలా ఉంటుంది? ఒక్కో వైపు మూడు రోబోలు. ఎర్ర అలయన్స్, నీలం అలయన్స్. క్వాలిఫికేషన్ మ్యాచ్‌లలో మీ పక్కన ఎవరు ఆడాలో మీరు ఎంచుకోరు, షెడ్యూల్ నిర్ణయిస్తుంది. ప్రతి మ్యాచ్‌లోనూ కొత్త పార్ట్‌నర్లు.

ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) లాంటి పరీక్షలో ర్యాంక్ మీరు రాసిన పేపర్‌కి వస్తుంది. పక్క బెంచీ కుర్రాడు సరిగ్గా రాయలేదని మీ ర్యాంక్ పడిపోదు. ఇక్కడ పడిపోతుంది! మీ పార్ట్‌నర్ బ్యాటరీ వైరు ఊడితే మీ ర్యాంక్ దిగుతుంది. పార్ట్‌నర్‌గా బలమైన టీమ్ పడితే, మీరు అంతంత మాత్రంగా ఆడినా పైకెక్కుతారు. 2025 గేమ్ రీఫ్‌స్కేప్‌లో గెలుపుకి 3 ర్యాంకింగ్ పాయింట్లు, బోనస్‌లుగా ఇంకో మూడు దాకా వచ్చేవి. అవన్నీ అలయన్స్ మొత్తానికి వచ్చినవే.

కాబట్టి 27 చూసి కుంగిపోకండి. 3 చూసి పొంగిపోనూ వద్దు.

తెరిచేముందు మూడు ప్రశ్నలు

ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. ఫోన్ తెరిచేముందు మిమ్మల్ని మీరు అడగండి:

1. నేను ఏం తెలుసుకోవాలని తెరుస్తున్నాను?
2. జవాబు ఎంత ఉంటుందని నా అంచనా?
3. అది తెలిస్తే మేం ఏం మారుస్తాం?

మూడో ప్రశ్నకు జవాబు లేదా? ఫోన్ జేబులో పెట్టండి. పిట్‌లో బోల్టులు బిగించేవాళ్లకు సాయం చేయండి. ఆ పని మీ టీమ్‌కి ఎక్కువ ఉపయోగం.

ఒక్క మ్యాచ్ పేజీ, పది నిమిషాలు

మొదటి టూల్ ది బ్లూ అలయన్స్. ఎఫ్ఆర్‌సీ పిల్లలకు అది టీబీఏ. వాలంటీర్లు నడిపే సైట్. మీ టీమ్ నంబర్ కొట్టండి. ఏ సంవత్సరం ఏ ఈవెంట్‌కి వెళ్లారు, ఏ మ్యాచ్ ఎంతతో ముగిసింది, ఏ అవార్డు వచ్చింది, అన్నీ వరసగా వస్తాయి. చాలా మ్యాచ్‌లకు వీడియో కూడా అక్కడే ఉంటుంది. గేమ్‌డే పేజీలో ఒకేసారి నాలుగైదు ఈవెంట్ల లైవ్ చూడొచ్చు. మైటీబీఏలో టీమ్‌ని ఫేవరెట్ చేసుకుని నోటిఫికేషన్లు పెట్టుకుంటే మీ మ్యాచ్ దగ్గరపడగానే ఫోన్ చెబుతుంది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, స్కోర్ చూసి. మీరు ఆగకండి. మ్యాచ్ నంబర్ మీద నొక్కండి. స్కోర్ బ్రేక్‌డౌన్ తెరుచుకుంటుంది. అసలు చదువు అక్కడ ఉంది.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. రీఫ్‌స్కేప్ మ్యాచ్, అందులో రోబోలు పెట్టి స్కోర్ చేసే ముక్కలు కోరల్స్. మీరు ఎర్ర అలయన్స్. మీకు 97, నీలానికి 106. తొమ్మిది పాయింట్లతో ఓటమి. పిట్‌లో అందరూ ఒకటే మాట: "మన స్కోరింగ్ స్లో అయిపోయింది, ఇంకో రెండు కోరల్స్ పెట్టాల్సింది."

బ్రేక్‌డౌన్ చూడండి. ఫౌల్స్ రెండు వైపులా సున్నా. బార్జ్ పాయింట్ల (ఆట ఆఖర్లో బార్జ్ కింద పార్క్ చేసినందుకో, అక్కడ వేలాడే కేజ్ ఎక్కినందుకో వచ్చేవి) వరస దగ్గరికి రండి. మీ వైపు ఇద్దరు పార్క్ చేశారు, చెరి 2, మొత్తం 4. వాళ్ల వైపు ఒకరు డీప్ కేజ్ ఎక్కారు, 12. ఇంకొకరు పార్క్, 2. మొత్తం 14.

ఇప్పుడు బార్జ్ తీసేసి లెక్కేయండి. మీకు 93. వాళ్లకు 92.

చూశారా? మిగతా ఆటంతా కలిపితే మీరే ఒక పాయింట్ ముందున్నారు. స్కోరింగ్ బాగానే ఉంది. ఓడింది ఆఖర్లో, కేజ్ దగ్గర. ఏ రోబో పార్క్ చేసింది, ఏది ఎక్కింది, ఏది ఏమీ చేయలేదు అన్నది రోబోవారీగా అదే పేజీలో ఉంటుంది. "ఇంకా వేగంగా స్కోర్ చేయండి" అని డ్రైవర్‌ని తిట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. క్లైంబర్ దగ్గరికి వెళ్లండి. ఎందుకు ఎక్కలేదు? టైమ్ చాలలేదా? హుక్ జారిందా? అసలు ప్రయత్నించారా? వీడియోలో ఆఖరి అర నిమిషం రెండుసార్లు చూడండి. సమాధానం దొరుకుతుంది.

ఓడిన మ్యాచ్ పేజీ తెరవడానికి మనసు ఒప్పుకోదు, నాకు తెలుసు. తెరవండి. గెలిచినప్పుడు అందరం చూస్తాం. ఓడినప్పుడు చూసేవాళ్లే ముందుకెళ్తారు.

ఓపీఆర్‌ని వేళ్ల మీద లెక్కించండి

ఈవెంట్ పేజీలో ఓపీఆర్ అని ఒక అంకె కనిపిస్తుంది. ఆఫెన్సివ్ పవర్ రేటింగ్. చాలామంది పిల్లలు అది పెద్దదైతే మంచిది అని మాత్రం తెలుసుకుని వదిలేస్తారు. అలా వదిలేయకండి. మీరు వాడే ప్రతి అంకె ఎలా పుట్టిందో మీకు తెలియాలి. తొమ్మిదో తరగతి అల్జీబ్రా చాలు.

మూడు టీమ్‌లు అనుకోండి: అ, ఆ, ఇ. ఇద్దరిద్దరు కలిసి ఆడారు.

- అ, ఆ కలిసి 50
- ఆ, ఇ కలిసి 40
- అ, ఇ కలిసి 70

మూడూ కూడితే 160. ఇందులో ఒక్కో టీమ్ రెండేసి సార్లు ఉంది. సగం చేస్తే 80, అది ముగ్గురి మొత్తం బలం. అందులోంచి 50 తీసేస్తే ఇ విలువ 30. 40 తీసేస్తే అ విలువ 40. 70 తీసేస్తే ఆ విలువ 10.

ఓపీఆర్ అంటే ఇదే. నిజమైన ఈవెంట్‌లో సమీకరణాలు చాలా ఎక్కువ, ఒకదానితో ఒకటి పూర్తిగా సరిపడవు. అందుకని అన్నిటికీ అతి తక్కువ తేడాతో సరిపోయే విలువలు వెతుకుతారు. లీస్ట్ స్క్వేర్స్ అంటారు దాన్ని. సూత్రం మాత్రం మీరు ఇప్పుడు చేసిందే.

ఎలా పుట్టిందో తెలిసింది కాబట్టి, ఎప్పుడు నమ్మకూడదో కూడా మీకే తెలుస్తుంది. 40 టీమ్‌ల ఈవెంట్ అనుకోండి. 40 విలువలు కనుక్కోవాలంటే కనీసం 40 అలయన్స్ స్కోర్లు కావాలి. మ్యాచ్‌కి రెండు స్కోర్లు. అంటే 20 మ్యాచ్‌లు. అప్పటికి ఒక్కో టీమ్ ఆడేది మూడేసి. కాబట్టి మొదటి రోజు పొద్దున్నే ఓపీఆర్ చూసి గుండెలు బాదుకోవడం దండగ!

ఇంకో లోపం కూడా గుర్తుంచుకోండి. డిఫెన్స్ ఆడి ప్రత్యర్థిని కదలనీయకుండా చేసిన రోబోకి ఓపీఆర్‌లో మెచ్చుకోలు దక్కదు. అది చేసిన మేలు తన వైపు స్కోర్‌లో కనిపించదు కదా. అలాగే ఒక మ్యాచ్‌లో రోబో చచ్చిపోతే, ఆ దెబ్బ పక్కనున్న ఇద్దరికీ తగులుతుంది. అంకెను చూడండి, దాని వెనక జరిగింది వీడియోలో చూడండి. రెండూ కలిస్తేనే అవగాహన.

ముందు మీ అంచనా, తర్వాత వాళ్లది

రెండో టూల్ స్టాట్‌బాటిక్స్. ఇక్కడి అంకె పేరు ఈపీఏ, ఎక్స్‌పెక్టెడ్ పాయింట్స్ యాడెడ్. గత సీజన్లలో టీమ్ ఎలా ఆడిందో చూసి ఒక విలువతో మొదలవుతుంది. ప్రతి మ్యాచ్‌కి ముందు ఒక అంచనా, తర్వాత అసలు స్కోర్. ఆ తేడాను బట్టి విలువ కొంచెం పైకో కిందికో జరుగుతుంది. ఆటానమస్ (రోబో తనంతట తాను ఆడేది), టెలిఆప్ (డ్రైవర్ నడిపేది), ఎండ్‌గేమ్ (ఆఖరి ఘట్టం) అని విడివిడిగా కూడా చూపిస్తుంది.

ఇందులో మీకు నచ్చే విషయం ఒకటుంది. మ్యాచ్ ఓడినా, అంచనా కన్నా బాగా ఆడితే మీ ఈపీఏ పెరగొచ్చు. గెలిచినా తగ్గొచ్చు. గెలుపోటముల పక్కన మీ ఎదుగుదలకు వేరే గీత దొరికినట్టే. సీజన్ మొత్తం ఆ గీతను చూడండి.

స్టాట్‌బాటిక్స్ ప్రతి మ్యాచ్‌కి ఎవరు గెలిచే అవకాశం ఎంత శాతమో కూడా చెబుతుంది. దాన్ని వెంటనే చూడకండి! ముందు మీ నోట్‌బుక్‌లో రాయండి: ఎవరు గెలుస్తారు, ఎంత నమ్మకం. తర్వాత సైట్ అంచనా రాయండి. ఆ తర్వాత ఫలితం.

మార్కులు వేసుకోవడం సులువు. 80 శాతం నమ్మకం అన్నారు, నిజంగానే గెలిచారు. తేడా 0.2, దాని వర్గం 0.04. ఓడిపోయారనుకోండి. తేడా 0.8, వర్గం 0.64. ఎంత తక్కువైతే అంత మంచిది. దీన్ని బ్రయర్ స్కోర్ అంటారు. ఏమీ ఆలోచించకుండా ప్రతిసారీ 50 శాతం అని రాసినా 0.25 వస్తుంది. మీ సగటు అంతకన్నా ఎక్కువ వచ్చిందంటే, మీరు తెలియనిది తెలిసినట్టు మాట్లాడుతున్నారన్నమాట.

ఇది చాలా శక్తిమంతమైన ఎక్సర్‌సైజ్. "నాకు ముందే తెలుసు" అనే మాట మన నోట ఎంత తేలిగ్గా వస్తుందో! నోట్‌బుక్‌లో రాసుకున్నవాళ్లకు ఆ మాట రాదు. తమకు ఎంత తెలుసో వాళ్లకు కచ్చితంగా తెలుసు. ఇంటర్వ్యూలో, పెట్టుబడిలో, కెరీర్ నిర్ణయంలో ఆ కచ్చితత్వం మీ వెంట వస్తుంది. ఒక ఈవెంట్‌తో సాధన మొదలవుతుంది. మొదలుపెట్టండి.

సైట్లలో లేనిది మీరే రాయాలి

పబ్లిక్ డేటాకి ఒక హద్దుంది. స్కోర్ అలయన్స్‌ది. మూడు రోబోల్లో ఎవరు ఎన్ని కోరల్స్ పెట్టారో సైట్ చెప్పదు. అందుకే స్కౌటింగ్. స్టాండ్స్‌లో ఆరుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరికి ఒక్క రోబో. మ్యాచ్ అయ్యేదాకా కళ్లు దాని మీంచి తిప్పకూడదు. కాలిఫోర్నియాలోని డేవిస్ నుంచి వచ్చే 1678, సిట్రస్ సర్క్యూట్స్, స్కౌటింగ్‌లో ఎంత పేరు తెచ్చుకుందంటే వాళ్ల పద్ధతులు చదివి ఇతర టీమ్‌లు తమవి దిద్దుకుంటాయి. తమ పద్ధతులను వాళ్లే రాసి అందరితో పంచుకుంటారు.

స్కౌటింగ్ బోర్ అంటారు పిల్లలు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా గళ్లు నింపే పని. కానీ మీ వ్యక్తిత్వాన్ని గట్టిపరిచే పని టీమ్‌లో ఏదైనా ఉంటే ఇదే అని నా నమ్మకం. చప్పట్లు లేని చోట శ్రద్ధగా ఉండటం అలవాటవుతుంది. చూసింది చూసినట్టు రాయడం వస్తుంది.

"బాగా ఆడింది" అని రాయకండి. దానితో ఎవరూ ఏమీ చేయలేరు. ఇలా రాయండి: "నాలుగో లెవెల్ మీద 5 కోరల్స్ పెట్టింది, 2 జారాయి. డిఫెన్స్ వచ్చినప్పుడు ఎడమవైపు తిరగలేకపోయింది. ఆఖర్లో కేజ్ దగ్గరికి వెళ్లింది, ఎక్కలేదు." ఈ మూడు ముక్కలు రేపు ఒక నిర్ణయాన్ని మారుస్తాయి.

ఒక ప్రాక్టికల్ టిప్. ఈవెంట్ హాల్లో టీమ్‌లు సొంత వైఫై పెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు. అందుకని చాలా టీమ్‌లు ట్యాబ్‌లో నింపిన డేటాని క్యూఆర్ కోడ్‌గా మార్చి, లాప్‌టాప్ కెమెరాకి చూపించి ఎక్కించుకుంటాయి. మీ టీమ్‌లో ఇంకా కాగితాలేనా? పర్వాలేదు. కాగితం, పెన్సిల్, సాయంత్రం ఒక స్ప్రెడ్‌షీట్. అదీ చాలు. పరికరం లేదని ఆగిపోకండి.

ఎంపికయ్యేలా తయారవ్వండి

క్వాలిఫికేషన్ అయ్యాక అలయన్స్ సెలక్షన్. పై ఎనిమిది మంది కెప్టెన్లు, ఒక్కొక్కరు ఇద్దరిని పిలుస్తారు. మొత్తం 24 టీమ్‌లు ప్లేఆఫ్‌కి. 40 టీమ్‌ల ఈవెంట్ అయితే 16 ఇంటిదారి. మొదటి రౌండ్ ఒకటో అలయన్స్ నుంచి ఎనిమిది దాకా, రెండో రౌండ్ ఎనిమిది నుంచి వెనక్కి.

27లో ఉన్న మీరు మీదికి చూడాల్సింది ఇక్కడ. మంచి కెప్టెన్లు ర్యాంక్ చూసి పిలవరు, తమకు లేనిది ఎవరి దగ్గరుందో చూసి పిలుస్తారు. అందుకే సెలక్షన్‌కి ముందు రాత్రే ఇవి చేయండి:

- పై పది టీమ్‌ల ఎండ్‌గేమ్ ఈపీఏ చూడండి. ఎవరికి క్లైంబ్ తక్కువ?
- మీ రోబో నమ్మకంగా చేసే పని ఒక్కటి తేల్చుకోండి. ఒక్కటే. ఆరు మ్యాచ్‌ల్లో ఎన్నిసార్లు చేసిందో అంకె పట్టుకోండి.
- ఆ టీమ్ పిట్‌కి వెళ్లండి. వాళ్ల స్ట్రాటజీ లీడ్‌ని కలవండి. ఒక్క నిమిషంలో చెప్పండి.

"అక్కా, మేం ఆరు మ్యాచ్‌ల్లో ఐదుసార్లు డీప్ కేజ్ ఎక్కాం. మీకు క్లైంబర్ కావాలేమోనని వచ్చాం." ఇంగ్లిష్‌లో చెప్పినా ఇంతే సూటిగా చెప్పండి. సిగ్గుపడకండి. అంకె చేతిలో ఉన్నవాళ్లకు గొప్పలు చెప్పాల్సిన అవసరం లేదు, వాళ్ల గొంతు దానంతట అదే స్థిరంగా ఉంటుంది. ఐదు అయితే ఐదే చెప్పండి. ఆరు అనొద్దు. వాళ్ల స్కౌట్లు కూడా లెక్కపెట్టారు!

అమ్మానాన్నలకు ఒక మాట

"స్టేట్‌కి వెళ్తారా లేదా?" అని పిల్లల్ని పదేపదే అడగకండి. ఈవెంట్లలో వచ్చిన పాయింట్లను బట్టి స్టేట్‌కి పంపే డిస్ట్రిక్ట్ పద్ధతి టెక్సస్, మిషిగన్ లాంటి చోట్ల ఉంది, అక్కడి టీమ్‌లకు టీబీఏలో డిస్ట్రిక్ట్ పాయింట్ల పేజీ ఉంటుంది. మొదటి రెండు ఈవెంట్ల పాయింట్లు లెక్కకొస్తాయి. మీరే చూసుకోవచ్చు. పిల్లలు ఇంటికొచ్చాక అడగాల్సింది వేరే: "ఇవాళ ఏ మ్యాచ్ నీకు ఆశ్చర్యంగా అనిపించింది? ఎందుకు?" వాళ్లు అరగంట ఆపకుండా మాట్లాడతారు. వినండి.

పిల్లలు ఎఫ్‌టీసీ (ఫస్ట్ టెక్ ఛాలెంజ్) పోటీలో ఉంటే ఎఫ్‌టీసీ స్కౌట్ సైట్ చూడండి, అక్కడ అలయన్స్‌కి రెండే రోబోలు. వెక్స్ రోబోటిక్స్ పోటీల్లో ఉంటే రోబోట్‌ఈవెంట్స్ సైట్. వెక్స్‌లో స్కిల్స్ అని ఒకటుంది, రోబో ఒంటరిగా ఆడుతుంది. ఆ అంకె అచ్చంగా మీ టీమ్‌దే, పార్ట్‌నర్ల అదృష్టం అందులో కలవదు. ఎదుగుదల కొలవడానికి అంతకన్నా శుభ్రమైన కొలత దొరకదు.

ఆ అంకెల వెనక పిల్లలున్నారు

ఇది గట్టిగా చెబుతాను. ఒక టీమ్ ఈపీఏ చూసి నవ్వకండి. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టకండి. ఆ టీమ్‌కి మెషిన్ షాప్ ఉండకపోవచ్చు. మెంటర్ ఉండకపోవచ్చు. సీనియర్లందరూ గ్రాడ్యుయేట్ అయిపోయి, తొమ్మిదో తరగతివాళ్లు ఆ రోబో కట్టి ఉండొచ్చు.  ఎంఐటీ ప్రొఫెసర్, దివంగత వుడీ ఫ్లవర్స్ ఈ పోటీకి ఇచ్చిన ఆదర్శం గ్రేషియస్ ప్రొఫెషనలిజం: పోటీ తీవ్రంగా పడండి, ఎదుటివాళ్లను గౌరవంగా చూడండి. బలహీనమైన అంకె కనిపిస్తే ఆ పిట్‌కి టూల్‌కిట్ పట్టుకుని వెళ్లండి. తర్వాతి మ్యాచ్‌లో వాళ్లే మీ పార్ట్‌నర్లు కావచ్చు. కాకపోయినా వెళ్లండి.

చూసే స్థాయి నుంచి కట్టే స్థాయికి

ఇప్పటిదాకా ఇతరులు కట్టిన పేజీలు చదివారు. ఇక మీ ప్రశ్నకు మీరే పేజీ కట్టండి. టీబీఏలో అకౌంట్ తెరిచి, అకౌంట్ పేజీలో రీడ్ ఏపీఐ కీ తీసుకోండి. ఉచితం. పైథాన్‌లో కొన్ని వరసలు రాస్తే మీ టీమ్ సీజన్ మొత్తం మీ లాప్‌టాప్‌లోకి దిగుతుంది. స్టాట్‌బాటిక్స్‌కి పైథాన్ ప్యాకేజీయే ఉంది. కోడింగ్ రాదా? ఈ పనితోనే వస్తుంది. మీకు నిజంగా కావాల్సిన డేటా ఎదురుగా ఉన్నప్పుడు నేర్చుకునే వేగం వేరు.

మొదటి ప్రాజెక్టుగా పెద్ద డ్యాష్‌బోర్డ్ జోలికి పోకండి. ఒక్క ప్రశ్న తీసుకోండి: గత సీజన్‌లో మేం పది పాయింట్లలోపు తేడాతో ఓడిన మ్యాచ్‌లు ఏవి, వాటిలో ఎండ్‌గేమ్ తేడా ఎంత? జవాబు ఒక చిన్న టేబుల్. దాన్ని ప్రింట్ తీసి మీ టీమ్ మీటింగ్‌కి పట్టుకెళ్లండి.

టీబీఏ కోడ్ గిట్‌హబ్‌లో అందరికీ తెరిచి ఉంది. తప్పు కనిపిస్తే రిపోర్ట్ చేయండి. దిద్దగలిగితే దిద్ది పంపండి. జనవరిలో కికాఫ్ రోజు కొత్త గేమ్ వస్తుంది, స్కోరింగ్ అంతా మారిపోతుంది, టీబీఏలోని స్కోర్ బ్రేక్‌డౌన్ పేజీలన్నీ మళ్లీ కొత్తగా కట్టాలి. ఆ సైట్ నడిపే వాలంటీర్లకు అప్పుడు సాయం చేసే చేతులు కావాలి.